కోడలు పెట్టిపోయిన ఎసరు

ధర్మవరంలో నేను పాఠాలు చెప్పే ఐదో తరగతి పిల్లలకు ఈ రోజు ఒక నియమం పెట్టాను. కథలోని మనిషి ఎలాంటిదో ఊరికే చెబితే ఒప్పుకోను, కథలోంచే రుజువు చూపించాలి. చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన కథే వాళ్లకు చెప్పాను. చెరువు కట్ట పదేపదే తెగుతోందని ఊరి పెద్దలు ఒక కోడలిని బలి ఇవ్వాలనుకుంటారు. ఆమె పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి, మామ పిలిస్తే కట్ట మీదికి వెళుతుంది. అక్కడ ఆమెను గండిలో పూడ్చి కట్ట వేస్తారు. ఊరు ఇప్పటికీ ఆమెకు మొక్కుతుంది.

"త్యాగమూర్తి" అంది క్లాసంతా. నేనూ ఇన్నేళ్లుగా అదే అనుకుంటున్నాను.

షమీమ్ అనే అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. "కాదు టీచర్. ఆయమ్మకు తెలీదు."

"ఊరి కోసం తనే వెళ్లింది కదమ్మా."

"అట్లని కథలో యాడుండాది టీచర్? చచ్చిపోతానని తెలిసింటే సంగటికి ఎసరెందుకు పెడతాది? ఎసరు కాగేలోపలే బిన్నా వచ్చి పిండి పోయల్లనుకునే పోయింటాది."

రుజువు అడిగింది నేనే మరి. రేపు ఇంకో కథ చెప్పాలంటే భయంగా ఉంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి అమ్మవారు ఉంటే ఆ కథ ఇంకోసారి విని, ఏం కనిపించిందో చెప్పండి. మా అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు ఊరి పేరు మార్చేసేది, మామ పేరు మర్చిపోయేది. ఎసరు మాత్రం ఏ రోజూ వదల్లేదు.