ఫణి నల్లబీరు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మన ఫణి గరాజ్‌లో నాటుసారా కాస్తున్నాడని ఎవరో పుకారు పుట్టించారు. ఉత్తమాట. అతను చేసేది డుంకెల్ అనే పాతకాలపు జర్మన్ బీరు. చూడ్డానికి డికాక్షన్‌లా నల్లగా ఉంటుంది గానీ, స్వభావం ఫణి లాగే మెత్తన. బార్లీ మొలకల్ని దోరగా కాల్చడం వల్ల వచ్చిన రంగు అది. ముక్కు దగ్గర పెడితే కాలిన బ్రెడ్డు అంచు వాసన, నోట్లో కాస్త తీపి, చేదు అంతంత మాత్రం. మత్తు మామూలు బీరుకు ఉన్నంతే. వారాల తరబడి చల్లగా ఉంచాలి కాబట్టి, ఇడ్లీపిండి పెట్టుకునే గరాజ్ ఫ్రిజ్ కాస్తా దానికే పోయింది. భార్య రాగిణి అలిగింది కూడా.

పాపం, ఫణికి ఆఫీసు కాల్స్ తప్ప వేరే లోకం లేదు. శనివారం స్నేహితులొచ్చి గరాజ్‌లో కుర్చీలు వేసుకుంటే అదే పండగ. ఆ బీరు వాళ్ళ కోసమే.

తొలిసారి గాజుగ్లాసులో పోశాడు. స్నేహితుల్లో ఒకడైన లోకేష్ దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఇంత నల్లగుందేంది బాస్? హెవీ సరుకు లెక్కుంది!"

"లైటేరా బాబూ. రంగు చూసి భయపడకు."

"నువ్వట్లనే అంటవ్ తీ."

అరగ్లాసుకే లోకేష్ తూలిపోయాడు. వాషింగ్ మెషీన్‌ను వాటేసుకుని, మేనేజర్ తనని మనిషిలా చూడట్లేదని భోరున ఏడ్చాడు. భార్య దేదీప్య వచ్చి కారెక్కించుకుంది.

"ఏం పోశారండీ ఫణి గారూ మా ఆయనకి?"

అంతే, ఆ తర్వాత శనివారాలు ఎవరూ రాలేదు.

చివరికి ఫణి ఒక ఉపాయం చేశాడు. బార్బెక్యూ అని పిలిచి, అదే బీరును మూతలున్న స్టీలు టంబ్లర్లలో పోసి ఇచ్చాడు. టెక్సాస్ ఎండ కదా, ఎవరూ అనుమానించలేదు. లోకేష్ మూడు లాగించి, నిటారుగా నిలబడి చికెన్ తిరగేశాడు.

"మస్తుంది బాస్! బ్రెడ్ కాల్చిన వాసనొస్తుంది. ఆ నల్లదానికంటె ఇదే నయం."

ఇన్నాళ్ళకు ఒక్కడు సరిగ్గా చెప్పాడు! ఫణి సంతోషం పట్టలేక మూత తీసి చూపించాడు.

"అదేరా ఇది!"

లోకేష్ లోపలికి తొంగిచూశాడు. ఆ మాట నమ్మితే ఆ రోజు ఏడ్చింది బీరు కాదు, తనే అని ఒప్పుకోవాలి. భార్య పక్కనే ఉంది.

"నీళ్ళు కలిపినవా?"

"ఒట్టురా! ఒక్క చుక్క కలపలేదు."

"తీ బాస్! అసలు సరుకు నువ్వు దాచుకొని, మాకు పల్చటిది పోస్తున్నవ్."

మిగతావాళ్ళూ అవునవునన్నారు. ఇప్పుడు వాళ్ళంతా లోకేష్ ఇంటి పెరట్లో కొనుక్కొచ్చిన బీరు డబ్బాలు తాగుతున్నారు. ఫణి ఫ్రిజ్ నిండా బీరుంది, కుర్చీలు మడిచి గోడకు ఆనించి ఉన్నాయి. అటువైపు ఉన్నవాళ్ళు శనివారం సాయంత్రం ఓసారి తలుపు తట్టండి. తాగకపోయినా ఫర్వాలేదు, కాసేపు కూర్చుని, మనిషి ఎలా ఉన్నాడో చూసి రండి.