బదులు బెల్లు

మా కంప్యూటర్ మేడం ఇక లేరని, మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే పొద్దుటి రైల్లో ఉండగా ఫోన్ వచ్చింది. టేకల్ స్టేషన్లో దిగిపోయి, వెనక్కి వెళ్లే బండి కోసం కూర్చున్నాను. తీగల్లేని కీబోర్డులు పరీక్షించే ఉద్యోగం నాది. ఆమె చలవే అది. ఏడుపు వచ్చింది. అయినా, ఆమె దగ్గర చదువుకున్నానన్న గర్వమే నన్ను నిలబెట్టింది.

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డాక మా ఊరి పిల్లలంటే బయటివాళ్లకు ఒక జాలి. ఆ జాలి చూస్తే మేడంకు ఒళ్లు మండేది. "పాపం అనిపించుకునేదానికి మనమేమన్నా దిక్కులేనోళ్లమా?" అనేవారు. కొంగు నడుముకు దోపి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక బ్యాటరీ పట్టుకుని తిరిగేవారు. అయిపోయిన బ్యాటరీని కూడా కొంగుతో తుడిచి, ఇంకో పూట పని చేయించాలని చూసేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బెంగళూరు నుంచి ఎవరో దాతలు మా బడికి కంప్యూటర్లు, బ్లూటూత్ కీబోర్డులు ఇచ్చారు. కొన్నాళ్లకు వచ్చి చూస్తామని, పిల్లలు వాడలేకపోతే వేరే బడికి ఇచ్చేస్తామని చెప్పి వెళ్లారు. మొదటి రోజే రచ్చ. కీబోర్డులన్నిటికీ ఒకటే పేరు, తెర మీద చూస్తే ఏది ఎవరిదో తెలియదు. తెర మీద కనబడే అంకెలను కీబోర్డుపై కొడితేనే రెండూ జతపడతాయి. కిటికీ పక్క పిల్ల తన అంకెలు గట్టిగా చదివితే, నావే అనుకుని నేను కొట్టేశాను. ఆ తర్వాత నా పేరు కొడితే అది పోయి ఆమె తెర మీద పడింది. దయ్యమని ఆమె ఒకటే కేక.

మేడం కడుపుబ్బ నవ్వి, బెంచీ మీద కూర్చున్నారు. ఆమె నాన్న, గనిలోకి మనుషుల్ని దించే ఇనప కేజ్‌ను పైనుంచి నడిపిన డ్రైవరు.

"లోపలుండేవాళ్లు మా నాయనకు కనపడేవాళ్లు కాదు. బెల్లు ఒకటే ఆధారం. లోపల్నించి వాళ్లు బెల్లు కొడితే, విన్నానని ఈయన అదే బెల్లు తిరిగి కొట్టల్ల. బదులు బెల్లు పోకుండా కేజ్ కదిలేదే లేదు. ఇంగ మీరూ అంతే. ఒకరు నంబరు చెప్పల్ల, కీబోర్డు పట్టుకున్నోళ్లు తిరిగి చెప్పల్ల. ఆ మీదనే కొట్టల్ల."

అప్పట్నుంచి మా అంకెల కేకలు బడంతా వినబడేవి. "ఏమమ్మా, పెద్ద పిల్లోళ్లకు ఎక్కాలు చెప్తా ఉండావా?" అని లెక్కల సారు ఎగతాళి చేస్తే, "లేదప్పా, గని నడస్తా ఉండాది" అన్నారు మేడం.

దాతలు వచ్చిన రోజు అన్నీ ఆపి, మొదట్నుంచి కలపమన్నారు. ఒకాయన సాయానికి రాబోతే, "ఉండప్పా, మా పిల్లోళ్లు చేస్తారు" అని మేడం ఆపేశారు. మా వంతు వచ్చింది. నాకు జోడీగా తెర ముందు కూర్చున్న కిటికీ పక్క పిల్ల భయంతో ఒక అంకె మింగేసింది. అందరి కళ్లూ నా చేతుల మీదే. నేను కొట్టలేదు. "మళ్లీ చెప్పు" అన్నాను. ఆమె చెప్పింది, నేను తిరిగి చెప్పాను, కీబోర్డు కలిసింది. కంప్యూటర్లు మా బడిలోనే ఉండిపోయాయి. వాళ్లు వెళ్లాక మేడం నా తల మీద చెయ్యి పెట్టి, "ఆగినావు చూడు పాపా, అదీ మనోళ్ల పని" అన్నారు. ఇంతవరకూ నాకు దానికి మించిన మెప్పు దొరకలేదు.

మేడం ఇంటికి చేరేసరికి ఆమె దగ్గర చదివిన మా బడి పిల్లలు చాలామంది వరండాలో నిలబడి ఉన్నారు. దండ వేయడానికి ఫోటో కావాలని ఆమె కూతురు కంప్యూటర్ తెరవబోతే, కీబోర్డు పలకలేదు. కొత్త బ్యాటరీలు వేసి, మళ్లీ జత చేయాల్సి వచ్చింది. తెర మీద అంకెలు వచ్చాయి. అలవాటు కొద్దీ పైకి చదివాను.

వరండాలోంచి అందరూ ఒకే గొంతుతో ఆ అంకెలు తిరిగి చెప్పారు.

అప్పుడు కూతురు మీటలు నొక్కింది. కీబోర్డు మూల చిన్న నీలి దీపం కాసేపు మిణుకుమిణుకుమని, నిలకడగా వెలిగింది.