మామీర్‌లో చవక భోజనం

ఏ ఊరెళ్లినా చవకగా తిండెక్కడ దొరుకుతుందని అడగడం నాకలవాటు. మొన్న రంజాన్ నెలలో బహ్రెయిన్ వెళ్లినప్పుడు, మామీర్ బస్టాపులో తెలుగు మాట వినబడితే అదే అడిగాను. మాట్లాడింది జగిత్యాల కూలీ రాజన్న. నవ్వి, మసీదు పక్కనున్న ఇఫ్తార్ డేరాకు తీసుకెళ్లాడు.

"మనల్ని రానిస్తారా?"

"ఎవ్వలేందని ఈడ అడగరు సారూ. కూసోండి."

నిజంగానే అడగలేదు. తెల్లగడ్డం అరబ్బు పెద్దాయన మొదటి ఖర్జూరం నా చేతికే ఇచ్చాడు. మధ్యాహ్నం కడుపునిండా తిన్నవాణ్ణి, సిగ్గేసింది.

రాజన్న కంపెనీ మూతపడి రెండు నెలలైందట. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉంది. రోజుకు ఇదొక్కటే పూట.

"ఇయ్యాల నెలవంక కనబడితే ఖలాస్, డేరా ఎత్తేస్తరు. కనబడకుంటే రేపొక్కరోజు బువ్వ దొరుకుతది."

తిన్నాక అందరూ బయటికొచ్చి పడమటికి చూశారు. నేనూ చూశాను, కనబడకూడదని. ఇంతలో ఎవరో ఫోన్ చూసి సంతోషంగా కేకేశారు. పెద్దాయన వచ్చి రాజన్నను గట్టిగా హత్తుకుని "ఈద్ ముబారక్" అన్నాడు.

"ఈద్ ముబారక్" అన్నాడు రాజన్న, ఆయన భుజం మీంచి, అప్పుడే చుట్టేస్తున్న చాపలను చూస్తూ.