పారేసినవే చదివే సిస్టరమ్మ

భద్రాచలంలో మాతో పనిచేసిన ఆ రిటైర్డ్ నర్సు కళ్లద్దాలు గోదావరి అవతలి ఒడ్డున చీమ మీసం దువ్వుకున్నా కనిపించేంత మందం. పాముకాటు మీద వచ్చిన పరిశోధన వ్యాసాలన్నీ ఏరి, దవాఖానాలకు సూచనలు రాయడం మా పని. ఏరడానికి నేనొక సాఫ్ట్‌వేర్ తెచ్చాను. కొండంత కాగితాన్ని అది నా టీ చల్లారేలోపే వడగట్టేది. దాని పనితనం తేల్చాల్సింది ఆమె.

ఆమె మాత్రం అది ఏరినవాటిని ముట్టేదే కాదు.

"పారేసినయి ఇయ్యి సారూ," అనేది రోజూ.

"చెత్త చదువుతరా సిస్టరమ్మా?"

"అవ్. మంచియి నువ్ సదువు."

ఒకరోజు ఆ చెత్తలోంచి ఒక వ్యాసం బయటికి తీసింది. కట్లపాము కరిస్తే ఒక్కోసారి గాటు కూడా కనబడదని, కడుపునొప్పితోనే మొదలవుతుందని అందులో ఉంది. శీర్షికలో కడుపునొప్పే తప్ప పాము లేదని యంత్రం దాన్ని విసిరేసింది.

"ఇంత తెలివితక్కువ మిషనా!" అని నవ్వాను.

"దాన్నేమనకు సారూ. నేను డ్యూటీల ఉన్నప్పుడు మా చెల్లె ఒకనాడు పొద్దుగాల కడుపునొప్పని వస్తే నేను గూడ గట్లనే అనుకున్న. గ్యాస్ గోలీ ఇచ్చి పండుకోమన్న."

ఆ వ్యాసాన్ని ఏరినవాటి పైన పెట్టి, వేలు తడి చేసుకుని తర్వాతి కాగితం తిప్పింది. చెల్లెలు లేచిందా అని నేనడగలేదు.