బావగారి ట్రెబుల్

మా అక్కను మండపేటలో ఇచ్చాం. బావగారు రైస్‌మిల్లులో ఆపరేటరు. తొంభైల చివర్లో ఆయనకు పాటల పిచ్చి పట్టింది. రాజమండ్రి మెకానిక్ చేత, పాటను అందుకుని ముందుకు పంపే ప్రీయాంప్లిఫయర్ కట్టించారు. దాన్ని పుచ్చుకుని స్పీకర్లను మోగించే పవర్ యాంప్లిఫయర్ మాత్రం మైక్‌సెట్ల షాపులో సెకండ్‌హ్యాండ్‌ది కొన్నారు. ఆ రెంటికీ అస్సలు పడలేదు. వాల్యూమ్ కాస్త తిప్పితే చాలు, పాట పగిలిపోయి చెవుల్లో గుచ్చుకునేది. "మీ ఇంట్లో పాట వింటే పళ్ళు పులుస్తాయి బావగారూ" అని నేను వెళ్ళినప్పుడల్లా ఏడిపించేవాణ్ణి. నోటిదురద నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

నేనక్కడున్న ఒక ఆదివారం మెకానిక్ వాళ్ళింటికొచ్చాడు. "ఇది ఎక్కువ పంపుతోందండి, అది అంత పుచ్చుకోలేకపోతోంది" అని రెంటి మధ్యా జోరు తగ్గించే రెసిస్టర్లు అతికించి, సన్నటి చప్పుళ్ళను పెంచే ట్రెబుల్ మీటను తగ్గించి పాట పెట్టాడు. వేణువు ఊదేవాడి ఊపిరి కూడా వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బావగారు మాత్రం మొహం చిట్లించారు. "ఏంటండీ, దుప్పటి కప్పినట్టుంది? వేణువేదీ?" అంటూ ట్రెబుల్ చివరిదాకా తిప్పేశారు. నేను చెవులు మూసుకున్నాను. "ఇదిగో, ఇప్పుడు కుదిరింది!" అన్నారాయన.

మెకానిక్ నన్ను వాకిట్లోకి పిలిచాడు. "పెట్టెలు బాగానే ఉన్నాయండి. మిల్లు మోతలో పనిచేసేవాళ్ళకి సన్నటి చప్పుళ్ళే ముందు వినబడకుండా పోతాయి. ఇప్పుడైనా జాగ్రత్త పడకపోతే మాటలు కూడా వినబడవండి. డాక్టరుకి చూపించండి."

ఇన్నాళ్ళూ నేను ఆడిపోసుకున్నది పాటను కాదు, ఆయన వినికిడినని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్ళి అక్కకు చెప్పాను.

"నాకు తెలుసురా. నా గాజుల చప్పుడు వినబడక, వెనకనించి వెళ్తే ఉలిక్కిపడుతున్నారు. అందుకే ఎదురుగా వస్తున్నా. చెవుల మాటెత్తితే అన్నం మానేస్తారు. ఎలా చెప్పను?" అంది.

ముందుగదిలోకి వచ్చాను. పాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

"బావగారూ, మీకు బాగున్న పాట నాకు గుచ్చుకుంటోంది. నా చెవుల్లోనే ఏదో తేడా ఉన్నట్టుంది. రేపు కాకినాడలో చూపించుకుంటాను, తోడు వస్తారా?" అని గట్టిగా అడిగాను.

ఆయన నన్ను చూశారు. గుమ్మంలో నిలబడ్డ అక్కను ఇంకాస్తసేపు చూశారు.

"వస్తాలే. నాకూ చూస్తారేమో అడుగు" అంటూ, ట్రెబుల్‌ను తన చేత్తోనే మెకానిక్ పెట్టిన చోటికి తిప్పేశారు.