కాటా కంప్యూటర్‌ను మార్చిన మధ్యాహ్నం

పదవీ విరమణకు ముందు నేను కృష్ణపట్నం రేవు దగ్గర ఒక సరుకు రవాణా సంస్థలో, సర్వర్లుండే గదిలో పనిచేశాను. ఎండాకాలంలో కూడా ఆ గదిలో శాలువా కప్పుకొని కూర్చునేదాన్ని. అంత చలిని మళ్లీ కోరుకుంటానని అప్పుడు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

లారీలను తూచే కాటాను నడిపే కంప్యూటర్ విడిగా ఒక పెట్టె కాదు. ఒక పెద్ద సర్వర్ లోపల మరికొన్నింటితో కలిసి నడిచే వర్చువల్ మెషీన్. ఆ సర్వర్ పాతబడి వేడెక్కుతుండటంతో అందులోని మెషీన్లన్నిటినీ పక్క సర్వర్‌లోకి మార్చమన్నారు. అదీ నడుస్తుండగానే. కాటా గుమాస్తా తూకాలు తీస్తూనే ఉండాలి, కంప్యూటర్ చోటు మారిన సంగతి అతనికి తెలియనే కూడదు.

ఆ పని మా ఇంజనీరుది. అతని కాంట్రాక్టు ఆ నెలతో ముగుస్తుంది. తూకం నిలిచి గేటు ఆగితే ఇకపై పని బయటి సంస్థకు ఇస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు. ఇంజనీరు అప్పుడే భార్యాపిల్లలను ముత్తుకూరు తెచ్చుకొని, పిల్లలను అక్కడి బడిలో వేశాడు. యూనిఫారాల గుడ్డ మాత్రం ఇంకా దర్జీకి ఇవ్వలేదు.

మిగతా మెషీన్లు సాఫీగా మారాయి. కాటాది మాత్రం చివరిదాకా వచ్చి, గడువు దాటిందంటూ ఆగిపోయేది. మెషీన్ మెమరీలో ఉన్నదంతా అటువైపు కాపీ కావాలి. కాపీ అవుతున్నంతసేపట్లో మారిపోయిన భాగాలను మళ్లీ పంపాలి. ఇసుకలో తవ్విన చెలమను తోడి ఖాళీ చేయడం లాంటిది అది. ఊట ఎక్కువైతే ఎంత తోడినా అడుగు కనపడదు.

"గడువు కూడా పెంచినాను కదక్కా. ఇంకేం చేసేది?" అన్నాడు ఇంజనీరు.

"గడువు పెంచితే ఊట తగ్గుతుందా?"

కేబుళ్లు మార్చి చూశాడు, నెట్‌వర్క్ చూశాడు. దేనిలోనూ లోపం లేదు. నేను ఆ మెషీన్ మెమరీలో ఎప్పుడెంత మారుతోందో చూపే గ్రాఫు తీయించాను. పొద్దున లారీలు బారులు తీరినప్పుడు గీత కిందనే ఉంది. లారీలు పలచబడే మధ్యాహ్నం పైకి లేచింది. రద్దీ తక్కువని మేనేజరు మాకు అనుమతి ఇచ్చింది ఆ మధ్యాహ్నాలకే.

"లారీలు తగ్గితే పని తగ్గాలి. ఈ లెక్క కుదరడం లేదు," అన్నాను.

"కుదరకపోతే పోనీలేక్కా. కాసేపు గేటు ఆపి మార్చేస్తా. తిడితే తిట్టనీ."

"తిట్టి ఊరుకుంటాడా? లే, కాటా దగ్గరికి పోదాం."

బయట సముద్రపు గాలి విసురుగా ఉంది. కాటా మీద ఒక లారీ నిలబడి ఉంది. లోపలి సరుకు గేటు ఉద్యోగికి చూపాలి కనుక క్లీనరు పైన కప్పిన పట్టా తాళ్లు విప్పేశాడు. కాటా దిగాక విప్పితే ఆలస్యమని, మా గేటులో అందరూ కాటా మీదనే విప్పేవారు. ఆ పట్టా తెరచాపలా ఉబ్బి టపటపలాడుతుంటే లారీ ఊగుతోంది, బోర్డు మీద తూకం అంకెలు ఒక్క క్షణం నిలవడం లేదు.

"అంకె మారినప్పుడల్లా కంప్యూటర్ ఏం చేస్తుంది?" అని అడిగాను.

ఇంజనీరు తల పట్టుకున్నాడు. "ఫోటో తీస్తుందక్కా. తూకం మీద తగాదాలు వస్తుండాయని మనమే పెట్టినాం. మారినప్పుడల్లా నాలుగు కెమెరాలూ తీస్తాయి."

పొద్దున గాలి ఉండదు, అంకె వెంటనే నిలుస్తుంది. మధ్యాహ్నం ఒక్క లారీకే ఫోటోలు ఎడతెరిపి లేకుండా మెమరీలో పడుతున్నాయి. ఊట అక్కడుంది.

గేటు దగ్గరే నిలబడి, కాటా దిగాకే తాళ్లు విప్పమని ఒక్కొక్క డ్రైవరుకూ చెప్పాను.

"ఏందమ్మా, మీ కంప్యూటర్‌కి గాలి సోకిందా?" అన్నాడొక పెద్దాయన.

"సోకింది. నువ్వు పట్టా కట్టు, అదే వదులుద్ది."

"వేపమండలు గూడా తెమ్మంటావా?" అంటూనే దిగి, తాడు తనే బిగించాడు.

ఇంజనీరు గదిలోకి పరుగెత్తాడు. నేను వెళ్లేసరికి తెర మీద మిగిలిన భాగం తరుగుతూ తరుగుతూ అయిపోయింది. మెషీన్ పక్క సర్వర్‌లో ఉంది. కిటికీ అద్దంలోంచి చూస్తే గుమాస్తా మామూలుగా చీటీ చించి ఇస్తున్నాడు.

అంతలో ఇంజనీరుకు మేనేజరు ఫోను.

"ఇంతకీ ఎప్పుడు మారుస్తుండారబ్బా?"

"మారిపోయింది సార్."

"గేటు ఆగలేదే!"

"ఆగలేదు సార్."

ఫోను పెట్టేసి ఇంజనీరు వసారాలోకి వెళ్లి భార్యకు చేశాడు. అంతసేపూ సార్‌తో మెల్లగా మాట్లాడిన మనిషి, రేవంతా వినపడేలా అరుస్తున్నాడు. "పిల్లోళ్ల యూనిఫారాలు కుట్టను ఇచ్చేయ్! ఆఁ, రెండేసి జతలు!"