కాలరు లోపలి పేరు

కూకో. సరిగ్గా కూకో, కాల్లు ఊపకు, పెన్సిలు కదిలిపోద్ది. మన సంగమోల్లు పాతోల్ల పనుల గురించి పుస్తకం ఏస్తారన్నావు గదా, మరి సెవి ఇటు పెట్టి విను. నాను సెప్పింది సెప్పినట్టు రాయాల. మద్దిలో నీ బర్మా మాటలు దూర్చీకు.

సమచ్చరం ఏటని రాస్తావు? పంతొమ్మిదొందల ఇరవయ్యారో, ఇరవయ్యేడో. మీ పెదనాన్న నా కడుపులో ఉన్నాడు, అదొక్కటే నాకు గురుతు. అప్పుడు మాము ఇప్పుట్లాగ ఈ సంచౌంగ్‌లో నేము, రంగూను నది ఒడ్డున బియ్యం మిల్లు కూలీ లైన్లో, వరస గదుల్లో ఉండేవోల్లం. మీ తాత మిల్లులో ఫిట్టరు. నాకొక కుట్టు మిషను ఉండేది, సేత్తో తిప్పేది. లైనంతటికీ అదొక్కటే మిషను. అంచేత అందరూ నన్ను మిషనమ్మా అనేవోరు. ఇద్దరు తప్ప. ఆ ఇద్దరి సంగతే ఇది.

నా పనేటో ముందు రాయి. మిల్లులో కుర్రోల్లకి హాకీ టీము ఉండేది. జూనియర్ టీము అనేవోరు, అంటే పదారేల్ల లోపోల్లు. కర్రతో బంతిని కొట్టీ హాకీ, నువ్వు ఇస్కూల్లో ఆడతావే, అదే. మిల్లు దొరకి ఆ ఆటంటే పిచ్చి. నదికి ఈ ఒడ్డున మిల్లులకీ, అవతల దల్లా ఒడ్డున మిల్లులకీ పోటీ. ఆ కుర్రోల్ల జెర్సీలు నానే కుట్టీదాన్ని, సిరిగితే నానే అతికీదాన్ని. జెర్సీ అంటే ఆటకేసుకునే బనీను. మాది నీలం, దల్లా వోల్లది ఇటికరంగు. గోలీకి, అంటే గోలు కాసీవోడికి, కాల్లకి కట్టే పేడ్లు ఉంటాయి, దూది కూరిన గోనె, అవి కుట్టేసరికి సూది నా ఏల్లలో దిగిపొయ్యేది.

జెర్సీలన్నీ ఒక్కలాగుంటే సాకలి కలిపేస్తాడు. అందుకని ప్రతి జెర్సీకీ కాలరు లోపల, మెడ ఎనకాల, ఎర్రదారంతో పేరు కుట్టీదాన్ని. సెమటకి దారం కుల్లిపోద్ది, అంచేత ఎనక్కుట్టు ఎయ్యాల, ఒక అడుగు ముందుకీ అరడుగు ఎనక్కీ. పేరు తియ్యాలంటే లాగకూడదు, గుడ్డ సిరిగిపోద్ది. బ్లేడుతో ఒక్కొక్క పోగూ కొయ్యాల.

ఇప్పుడు అసలు సంగతి. టీము టీముకీ కుర్రోల్లని మార్చుకునేవోరు. ఎక్స్చేంజి అనేవోరు. ఆల్లకి గోలీ నేడనుకో, మనకి గోలు కొట్టీవోడు నేడనుకో. ఆడ్ని ఇటు, ఈడ్ని అటు. కుర్రోడు టీముతో పాటు మిల్లు కూడా మారిపోవాల, లైను కూడా మారిపోవాల. లిస్టు దొరే రాస్తాడు గానీ, ఎవుడు ఎల్లాలో తేల్చీది మేస్త్రీ. మేస్త్రీ అంటే మనూరి నుంచి ఓడెక్కించి తెచ్చిన కూలీల పెద్ద. ఆడి మనుషులు గదా, ఆడిష్టం.

ఆ ఎక్స్చేంజి కబురు అందరికన్నా ముందు ఎవరికి తెలుస్తాది సెప్పు?

"దొరకి?"

కాదు. నాకు. జెర్సీ మిల్లుది, ఆడే కుర్రోడు మారతాడు. "ఈ పేరు తీసీ, ఇంకో పేరు కుట్టు" అని బట్ట నా కాడికే వొచ్చీది. ఎల్లిపోవాల్సినోడు మాత్రం బయట కూకుని సీమసింతకాయలు తింటా ఉండేవోడు.

మా లైన్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దోడు అప్పల్రాజు, గోలులు కొట్టీవోడు. సిన్నోడు సిమ్మాద్రి, గోలీ, పద్నాలుగేల్లుంటాయేమో. నానూ ఆల్లూ ఒకే ఊరు, ఒకే ఓడ మీద వొచ్చినాము. కలింగపట్నం రేవులో ఆల్ల యమ్మ సిమ్మాద్రి సెయ్యి తెచ్చి నా సేతిలో పెట్టీసి, "ఒలే, తండ్రి నేని గుంటలు. ఎక్కడున్నా ఇద్దర్నీ ఒక్కసోట ఉంచవే. ఒక కంచంలో తిననీ" అన్నాది. నాను సరే అన్నాను. అప్పుటినుంచీ ఆల్లిద్దరూ నన్ను అప్పా అనే పిలిసేవోరు, అప్ప అంటే మనూరి మాటలో అక్క. రంగూనంతటిలో నన్ను అప్పా అనీవోల్లు ఆల్లిద్దరే.

ఒకరోజు మద్దేన్నం మేస్త్రీ పెల్లాం పల్లెం పట్టుకొని వొచ్చినాది. తమలపాకులు, వొక్కలు, అరిటిపల్లు, ఒక రవికల గుడ్డ. నా నుదుట బొట్టెట్టి, "అందుకోయే" అన్నాది.

ముందురోజే నాను పన్నెండు జెర్సీలు కుట్టి అంపించినాను. పని బాగుందని మేస్త్రీ అంపించినాడు గావాల, అనుకున్నాను. పొంగిపోనాను. అయినా ఓపాలి అడిగినాను, "ఏటికి వొదినా ఇయన్నీ?"

"మీ ఇంటోల్లకి మంచిదేలేవే. ఎన్ని అడుగుతావు, అందుకో."

అందుకున్నాను. ఆకు మడిసి అక్కడే నమిలీసినాను. కడుపుతో ఉన్నాను గదా, ఆకంటే నోరూరేది. అరిటిపల్లు మీ తాతకి పెట్టినాను.

మర్నాడు మేస్త్రీయే జెర్సీ పట్టుకొని వొచ్చినాడు. "కాలరు లోపల పేరు తీసీ. కొత్తోడొస్తన్నాడు దల్లా నుంచి. పేరు తరవాత సెప్తాను." నాను కాలరు తిప్పి సూసినాను. సిమ్మాద్రి.

"ఈడెక్కడికి?"

"దల్లాకి. రేపే."

"మరి ఆడి అన్న?"

"అన్న ఉంటాడు. మనకి గోలులు ఎవుడు కొడతాడు, నువ్వు కొడతావా కడుపేసుకుని?" అని నవ్వినాడు.

"ఆల్లని ఇడదీకండి మేస్త్రీ. ఆల్ల యమ్మకి మాటిచ్చినాను."

ఆడు నవ్వు ఆపీసినాడు. "నిన్న తాంబూలం అందుకున్నావు గదమ్మా. ఆ గుంటలకి ఇక్కడ ఇంటాడదంటే నువ్వే. నువ్వు అందుకున్నావంటే ఆ ఇల్లు ఒప్పుకున్నట్టే. పదిమంది సూసినారు. ఇప్పుడిలగంటే ఎలగ?"

మనూల్లో పిల్లనిచ్చినా, బూమి మాటాడుకున్నా, తాంబూలం అందుకుంటే మాటైపోయినట్టే గదా. అది నాకు తెలీదేటి? తెలుసు. పనికిచ్చినారనుకున్నాను, అంతే. ఇంట్లోకి పరుగెట్టి రవికల గుడ్డ తెచ్చి ఆడి ముందు పెట్టినాను. "తీసుకెల్లిపోండి."

"గుడ్డ సరే. ఆకేది?" అన్నాడు. "నమిలీసినావు గదా. ఎలగ తిరిగిస్తావు?"

పక్కింటి డా మ్యా వింటన్నాది. బర్మావోల్లలో పెద్దామెని డా అంటారు గదా, ఆమె పక్కింట్లో బియ్యం ఏరతా ఉండేది. మేస్త్రీ ఎల్లిపోయాక నా కాడికొచ్చి, "ఆకు నమిలితే పిల్లోడ్ని ఇచ్చీడమేటి? మా ఇంటికొచ్చినోల్లందరికీ నాను తమలపాకు పెడతాను. మీ లెక్కనైతే ఈపాటికి నాకు వంద మంది కొడుకులుండాల" అన్నాది. నవ్వించాలనే అన్నాది. నాకు ఏడుపొచ్చినాది.

మరెందుకు పేరు తీసినావు, అని అడుగుతావు. అడుగు. మీ తాత అదే మేస్త్రీ కింద పని. మేస్త్రీకి కోపమొస్తే లైన్లో గది పోద్ది. కడుపులో బిడ్డ. అంతే, ఇంకేటీ నేదు. దీనికి మంచి మాటలేటీ కలపకు, ఇలగే రాయి. భయపడి తీసినాను.

వాకిట్లో కూకుని బ్లేడుతో పోగులు కోస్తన్నాను. అంతలో పేడు సిరిగిందని సిమ్మాద్రి వొచ్చినాడు. నా ఒల్లోని జెర్సీ సూసినాడు. "అప్పా, నా పేరెందుకు తీస్తన్నావు?"

మేస్త్రీ ఆడికింకా సెప్పనేదు. నాను సెప్పాల. నోటిదాకా వొచ్చినాది. అమ్మీ, నానేటన్నానో తెలుసా? "దారం మాసిపోనాదిరా. కొత్తది కుడతాను" అన్నాను.

ఆడి మొకం ఎలిగిపోనాది. "అయితే ఈపాలి పచ్చదారం ఎయ్యవా అప్పా? అందరిదీ ఎరుపే. నాదొక్కటీ పచ్చ."

"అలగే ఏస్తాను" అన్నాను.

మర్నాడు పొద్దున్న అప్పల్రాజు మిల్లులో ఉన్నప్పుడు సిన్నోడ్ని సంపాను పడవెక్కించి దల్లా అంపించీసినారు. సాయంత్రం అప్పల్రాజు నా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రానేదు.

"అప్పా, తాంబూలం నువ్వు అందుకున్నావా?"

"పని బాగుందని ఇచ్చినారనుకున్నానురా…"

"ఏటికని అడగనేదేటి?"

"అడిగినాను. సరిగ్గా అడగనేదు."

ఆడు తిట్టనేదు, ఎనక్కి తిరిగి ఎల్లిపోనాడు. తిట్టినా బాగుణ్ను.

నెల తరవాత దల్లా టీము మా ఒడ్డుకి ఆడ్డానికొచ్చినాది. సిమ్మాద్రి కూడా వొచ్చినాడు, ఇటికరంగు జెర్సీ ఏసుకుని. ఆట మొదలయ్యింది, గోలులో ఇంకొకడున్నాడు. సిమ్మాద్రిని రిజర్వులో కూకోబెట్టినారు. రిజర్వు అంటే ఎవుడికైనా దెబ్బ తగిల్తే తప్ప లెగడానికి నేదు. గోలీ గావాలని తీసుకెల్లి, ఆడ్ని బస్తాలు మొయ్యడానికి ఎట్టుకున్నారు. భుజం దగ్గర గోనె రాసుకుని పుండు, నాకు దూరం నుంచి కనిపిస్తన్నాది. అప్పల్రాజు ఆరోజు రెండు గోలులు కొట్టినాడు. ఎవరికీ ఎగిరి సూపించనేదు.

ఆటయ్యాక బెల్లం ఉండలు గుడ్డలో కట్టుకుని తమ్ముడి కాడికి ఎల్లినాడు. నానూ ఎనకాలే ఎల్లినాను. సిమ్మాద్రి ఆ మూట ముట్టనేదు.

"మన ఇంటోల్లే తాంబూలం పుచ్చుకున్నారట గదా. నీకు గోలులు గావాల. కొట్టుకో."

"నాకు తెలీదురా, ఒట్టు" అన్నాడు పెద్దోడు.

"తెలీకుండా ఎవుడైనా తాంబూలం తింటాడేటి?"

తిన్నది నానురా, అని నాను ఒక్క మాట అంటే సరిపొయ్యేది. మేస్త్రీ నా పక్కనే నిలబడున్నాడు, సుట్ట కాల్చుకుంటా. నాను నోరిప్పనేదు. ఆల్లిద్దరూ నా ముందే అలగ ఇడిపోనారు.

మీ పెదనాన్న పుట్టి మూడు నెల్లయ్యాక ఎలగో ధైర్యం తెచ్చుకుని, బిడ్డని సంకనేసుకుని సంపానెక్కి దల్లా ఎల్లినాను. సెప్పీద్దామని. ఆల్ల మేస్త్రీ సిమ్మాద్రినీ మిగతా మనుషుల్నీ దూరంగా మౌల్మీను వైపు తీసుకెల్లిపోనాడట, పది రోజులైందట. మరి కనపడనేదు. ఉత్తరం ముక్క నేదు. ఆల్ల యమ్మకి ఊర్నుంచి ఎవుడొచ్చినా ఏటని కబురంపాలో నాకు తెలిసీది కాదు.

అప్పల్రాజు మా లైన్లోనే ఉండీవోడు. సిరిగిన బట్టలు తెచ్చీవోడు, కుట్టించుకునేవోడు, మర్యాదగానే మాటాడీవోడు. కానీ ఆరోజు నుంచీ, "మిషనమ్మా, ఇది అతుకుతారా?" అనీవోడు. అందరూ పిలిసినట్టే.

ఈ పనిలో ఇంకా ఇరవై ఏల్లు కుట్టినాను. నేర్సుకున్నది ఇదొక్కటే, పెద్దచ్చరాల్తో రాయి. పేరుగలోడు నా ఎదట నిలబడి, తీసీ అని ఆడి నోటితో అంటే తప్ప ఎవుడి పేరూ నాను తియ్యనేదు. మేస్త్రీలు అరిసినారు. అరవనీ అన్నాను. తాంబూలమైతే పల్లెం సూస్తేనే సేతులు ఎనక్కి కట్టుకునేదాన్ని. ఏటి లాబం? మొదటోడి కాడ సెయ్యాల్సింది తరవాతోల్లకి సేసినాను.

ఆ జెర్సీ మిల్లుకి ఇచ్చీసినాను గానీ, పాత కాలరు కోసి నాకాడ ఉంచుకుని కొత్త కాలరు ఏసినాను. అదుగో, ఆ రేకు పెట్టిలో ఉన్నాది, తే ఇలగ. నీ ఏలు పెట్టు. దారం నేదు, బెజ్జాలున్నాయి సూడు. తడిమితే పేరు సదవొచ్చు. పబేడాన్ బజార్‌లో పచ్చదారం ఉండ అప్పుడే కొన్నాను. ఆ బెజ్జాల్లోనే ఏద్దామని. మొదటి అచ్చరం ఏసినాను, ఇదుగో, పచ్చగా కనిపిస్తన్నాదా? తరవాత అచ్చరం కాడ సూది పెడితే ఆడి మొకమే…

"అత్తా! బువ్వ సల్లారిపోతన్నాది, రండి!"

వొస్తన్నానే కోడలా. నువ్వు రాయి, ఆపకు. ఆడు వొస్తే ఆడి ఎదట కూకుని మిగతాది కుడదామని ఈ సూది ఇలగే గుచ్చి ఉంచినాను…

"అత్తా, వినిపిస్తన్నాదా? పులుసు కూడా వొడ్డించీసినాను!"